జటాయువునకు ఎముక లేల?

ప్రాచీనకాలపు ఎగురు సరీసృపము బొమ్మ పత్రికలో కానవచ్చినంతనే "ఇది మన జటాయువే గదా" యని పొంగిపోవువారు మనలో, చదువుకొన్నవారిలో సైతము, కలరు. ఉదయగిరి దుర్గము క్రింద నైనను, ఆత్మకూరి యరుగులమీద నైనను ఈ మాట వినిన పిల్ల మరల ప్రశ్న యడుగదు. నా యాక్షేపణ మిదియే.

ఆ జంతు వెట్టిదో చూడుడు. 1973లో ఇటలీదేశమున బెర్గామో సమీపమునందలి చేనెలో, సున్నపురాతియందు, ఒక యస్థిపంజరము దొరకెను. జంబెల్లి యను పండితుడు దానికి యూడిమోర్ఫోడాన్ అని పేరిడెను. అది ట్రయాసిక్ యుగమునాటిది. ఇరువది కోట్ల యేండ్లకు మించిన ప్రాచీనత దానిది. ఱెక్కలు చాచిన సుమారు ఒక మీటరు. దవుడ ఆఱు సెంటీమీటర్లే, పండ్లు మాత్రము నూటికి పైన! కడుపులో చేపపొలుసులు కనబడినవి. దాని ఱెక్క మిక్కిలి పొడవైన నాల్గవ వ్రేలినుండి దేహమువఱకు సాగిన చర్మము. గబ్బిలమునకు చర్మము నాల్గు వ్రేళ్ళపై సాగును, దీనికి ఒక్కదానిపైననే. జటాయువో, గృధ్రరాజు. రావణుడు నఱికినవి తోలుఱెక్కలని ఏ కవి చెప్పెను?

మన కొండలలో వెదకిన దొరకునందురా? ఉదయగిరి చుట్టునున్న వెలికొండల రాళ్ళు నూఱు కోట్ల యేండ్లకు మించినవి. అవి యేర్పడునాటికి ఎముక గల ప్రాణియే లోకమున లేదు. ఈ మాట చెప్పుట దేశద్రోహము గాదు.

తెలుగునేలపై ఆ యుగపు రాళ్ళు లేకపోలేదు. ఆసిఫాబాదు ప్రాంతమున మాలేరి ఎఱ్ఱమట్టిలో మొసలివంటి పారాసూకసును, ముక్కువలె వంగిన దవుడగల హైపరోడపెడానును దొరకినవి. ఎగురునది మాత్రము నిశ్చయముగా దొరకలేదు. పలుచని బోలుటెముకలు కోట్ల యేండ్లు నిలుచుట యరుదు. ప్రాణహిత తీరమున కోట గ్రామము పేర బరగు జురాసిక్ రాళ్ళలోని యొక తునుకను 1974లో జైను అను శాస్త్రజ్ఞుడు ఎగురు సరీసృపముగా నెంచి పేరిడెను. పిమ్మటివారు ఆధారము చాలదనిరి. ఇందు జైనుగారి గౌరవమునకు లోపమేమి? మన యింట తాతగారి మాటను మనుమరాలు "ఆధారమేది?" అనిన ఏమగునో యెల్లరు నెఱుగుదురు.

రామాయణము నిలుచుటకు సున్నపురాతి సాక్ష్య మక్కఱలేదు. వెయ్యేండ్లుగా పామరులును పండితులును కన్నీరు విడుచు ఆ పక్షికి ఇటలీనుండి ఎముకలు తెచ్చి యతికించుటయే దానికి అపచారము. "ఈకలు లేని జటాయు వెట్లమ్మా?" యని పిల్ల యడిగినప్పుడు గద్దింపక, ఆ వెలికొండ రాయినే దాని చేతికిచ్చి వయస్సు చెప్పుడు.