తొలిరూపం విలువ

పాత వస్తువును అమ్మదలచినవారు ముందుగా దానికి మెరుగులు దిద్దుతారు. ఇది లోకరీతి, కాని అన్నివేళలా వివేకం కాదు. 1961 నాటి ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్ అనే స్పోర్ట్స్ కారు ఒకటి పశ్చిమ ఫ్రాన్సులోని ఒక షెడ్డులో పాత పత్రికల గుట్టల కింద దశాబ్దాలపాటు పడి ఉండి, 2014లో వెలుగు చూసింది. 2015లో పారిస్‌లో దొరికిన స్థితిలోనే దానిని వేలం వేయగా 1.6 కోట్ల యూరోలకు పైగా పలికింది. ఒకప్పుడు నటుడు అలైన్ డెలాన్ వాడిన కారు కావడం కూడా అందుకు తోడ్పడింది.

పాత కారుపై వెలిసిన రంగు, నలిగిన తోలు దాని చరిత్రకు సాక్ష్యాలు. కొత్త రంగు ఎన్నిసార్లైనా వేయవచ్చు. తొలి రంగు పోతే తిరిగి రాదు. తాళపత్రంలో శిథిలమైన అక్షరాలను ఊహతో పూరిస్తే కవి రాసిన పాఠం మరుగునపడుతుంది. ఇదీ అటువంటిదే. కనుక అమ్మేవారు లోపాలను దాచక తెలిపి, ఉన్నది ఉన్నట్లుగా అప్పగించాలి. యజమానులు మారవచ్చు, వస్తువు చరిత్రను చెరిపివేసే హక్కు వారిలో ఎవరికీ లేదు.