కాదనగలిగే బలం

మిరప కోతల కాలంలో ఖమ్మం జిల్లా పల్లెల్లో కూలి బేరం పొద్దుగూకాక మొదలవుతుంది. రైతు మేస్త్రి ఇంటికొచ్చి రేపటికి ఎంతమంది వస్తారని అడుగుతాడు, ఎంత ఇస్తాడో చెప్తాడు. ముఠాలోని ఆడవాళ్లు ఆ రేటుకు సరేనంటారా, ఇంకో యాభై అడుగుతారా? అది వాళ్ల మాట నేర్పు మీద ఉండదు. ఆ చేనుకు పోకపోతే తెల్లారి ఇంకెక్కడ పని దొరుకుతుందన్న దాని మీదే ఉంటుంది.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ, జనం నోట్లో ‘కరువు పని’, ఆ ఇంకో దారి చూపింది. కానీ మట్టి తవ్వి, కొలతలయ్యాక డబ్బుల కోసం వారాల తరబడి పోస్టాఫీసు చుట్టూ తిరగాల్సి వస్తే ఆ దారి ఉన్నా లేనట్టే.

ఈ మాటకు సాక్ష్యం మన నేల మీదే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేలిముద్రల స్మార్ట్ కార్డులతో ఊళ్లోనే కరువు పని కూలి డబ్బులు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ తీసి నిర్ణయించారు. ప్రభుత్వం అందుకు ఒప్పుకోవడం మెచ్చుకోదగ్గ సంగతి. 8 జిల్లాల్లో 157 మండలాలు, దాదాపు 1.9 కోట్ల జనం. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు రెండు రకాల మండలాలనూ పోల్చి చూశారు. కార్డులొచ్చిన చోట డబ్బు త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యేది తగ్గింది. పేద కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం కరువు పని డబ్బు కాదు, బయటి పనుల నుంచి వచ్చిందే! పొలాల్లో కూలి పెరిగింది. కూలి పెరిగితే పనులు తగ్గుతాయని భయపెట్టేవాళ్లుంటారు. ఇక్కడ బయటి పనులూ పెరిగాయి. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలో ఆ పెరుగుదల ఇంకా ఎక్కువ. అంటే అంతకుముందు అక్కడ కూలిని తొక్కిపెట్టింది మార్కెట్ ధర్మం కాదు, పని ఇచ్చేవాళ్ల పట్టు.

ఇప్పుడు కూలీల ఆ కాదనగలిగే బలానికే గండి పడింది. ఉపాధి హామీ స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ‘జీ రామ్ జీ’ చట్టం పని దినాలను 100 నుంచి 125కు పెంచింది. దాంతోపాటే విత్తనాలు, కోతల ముమ్మరంలో మొత్తం 60 రోజులు పనులు ఆపాలంది. బేరానికి బలం కావాల్సింది ఆ రోజుల్లోనే. కరువు పని లేని రోజున కాదనగలిగే కూలీ ఎవరు?

కూలి పెరిగిన చోట భూమి మీద రాబడి తగ్గిందని ఆ స్మార్ట్ కార్డుల అధ్యయనమే చెప్పింది. రెండెకరాల కౌలు రైతుకు అది నిజంగా బరువే. అయితే అతణ్ని నలిపేస్తున్నవి కౌలు, పురుగుమందుల బిల్లు, మార్కెట్ యార్డులో కుప్పకూలే ధర. వాటి జోలికి పోకుండా నష్టాన్ని భూమిలేని ఆడమనిషి దినకూలిలోంచి పూడ్చమనడం అన్యాయం.

ఆ 60 రోజులు ఏవో ప్రకటించాల్సింది రాష్ట్రాలే. అమరావతి, హైదరాబాద్ ఆ ఫైలు మీద సంతకం పెట్టే ముందు ఈ 157 మండలాల లెక్కను ముందు పెట్టుకోవాలి. రైతు సంఘాలతోపాటు వ్యవసాయ కూలీ సంఘాలనూ పిలిచి, ఆ తేదీల మీద వాళ్ల మాట వినాలి.