పొదుపుకి మస్టర్ లేదు

మూడేళ్ళ క్రితం బెంగళూరులో ఒక చిన్న సాహిత్య సమావేశంలో నేనొక వ్యాసం చదివాను. మా అమ్మ పొదుపు గురించి. హాల్లో ముప్ఫైమంది ఉంటారేమో, సగం మంది నాలాగే సాఫ్ట్‌వేర్ వాళ్ళు. చింతపండు పులుసుకి పిండుకున్నాక ఆ పిప్పితోనే ఇత్తడి చెంబులు తోమడం, రాత్రి మిగిలిన రాగి సంగటిని పొద్దున మజ్జిగలో పిసికి మాకు పోయడం, మెత్తబడిన పాతచీర మొదట ఊయలగా, తరవాత బొంతగా, చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డగా మారడం... అన్నీ రాశాను. చప్పట్లు బాగానే పడ్డాయి. ఒకాయన కళ్ళు తుడుచుకున్నారు. ఇంకొకాయన "అసలైన మినిమలిజం అంటే ఇదండీ" అన్నారు.

ఇంటికొచ్చి ఆ వ్యాసాన్ని అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. మొత్తం విన్నది. "బాగుండాది నాయనా. నిద్ర సంగతి రాయలేదే?" అనింది.

"ఏం నిద్ర?" అన్నాను.

"అవన్నీ చేసేదానికి నేను ఎన్ని గంటలకు లేస్తాంటినో నీకు తెల్దా?" అని నవ్వి, పాప పాలు తాగిందా అని మాట మార్చేసింది.

తెలీదు. పద్దెనిమిదేళ్ళు ఆ ఇంట్లో పెరిగి, ఆమె పొదుపు మీద పన్నెండు పేజీలు రాసిన నాకు ఆ ఒక్క అంకె తెలీదు. ఇప్పుడు రాస్తున్నది ఆ వ్యాసానికి ఖండన. నాలాగా అలాంటివి రాసినవాళ్ళకీ, చదివి కళ్ళు తుడుచుకున్నవాళ్ళకీ కూడా ఇది వర్తిస్తుంది.

నా వాదన ఒక్కటే. పొదుపు అంటే డబ్బు మిగలడం అనుకుంటాం. ఇంట్లో జరిగే పొదుపులో చాలాభాగం డబ్బుకి బదులు ఒక మనిషి గంటలు ఖర్చవుతాయి. ఆ మనిషి దాదాపు ఎప్పుడూ ఆడమనిషే. ఆ గంటలు చెప్పకుండా మిగిలిన డబ్బుని మాత్రమే పొగిడే రాత అబద్ధపు రాత. ఆఫీసులో ఎవరైనా సర్వర్ల ఖర్చు సగానికి తగ్గించానని చెబితే, దానికి ఎంతమంది ఎన్నాళ్ళు పనిచేశారని అడక్కుండా వదలం కదా. ఇంటి విషయానికొచ్చేసరికి ఆ ప్రశ్న మనకి తట్టదు.

ఈ వ్యాసాలకి ఒక మూస ఉంది. ఒక అమ్మో అమ్మమ్మో ఉంటుంది. ఇత్తడి సామాను, జాడీలు ఉంటాయి. ఏదీ పారెయ్యరు. చివర్లో ఒక మాల్, ఒక ఫుడ్ డెలివరీ కుర్రాడు, రచయిత నిట్టూర్పు. ఇంత వ్యాసంలోనూ అమ్మమ్మ నోరు విప్పదు. విప్పితే ఒక సామెత చెబుతుంది. ఆమె విసుక్కున్న రోజు, నడుం నొప్పితో పడుకున్న రోజు, ఈ బతుకు నాకొద్దని గిన్నె విసిరికొట్టిన రోజు మనకి కనబడవు. నా పన్నెండు పేజీల్లోనూ లేవు.

ఇల్లాలు ఎలా ఉండాలో చెప్పడం తెలుగు అచ్చుకి కొత్తేమీ కాదు. కందుకూరి వీరేశలింగం 1883లోనే ఆడవాళ్ళ కోసం 'సతీహితబోధిని' పెట్టారు. 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి 'గృహలక్ష్మి' మొదలుపెట్టారు. ఆ కాలానికి ఆ పత్రికలు చేసిన మేలు చిన్నది కాదు. కానీ తరవాత మనం చాలా దూరం వచ్చాం. విమల 'వంటిల్లు' కవిత వచ్చింది. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి మీద పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ రాశారు. వంటిల్లు ఎవరి ఆయుష్షుని తింటుందో తెలుగులో ఇంత స్పష్టంగా చెప్పాక కూడా, వాటిని చదివి, మెచ్చుకుని, వాటి మీద సమీక్షలు సైతం రాసిన మా తరం కొడుకులం మళ్ళీ వెనక్కొచ్చి అదే వంటింటిని గుడిగా మార్చి దణ్ణం పెడుతున్నాం. గుడిలో ఉన్నదానికి జీతం అడగరు కదా, సౌకర్యం.

మా ప్రాంతం సంగతి కూడా చెప్పాలి. మాది లేపాక్షి దగ్గర పల్లె. పాత అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన, అదీ పడితే. సీమ కథల్లో కరువుని నేను చాలా చదివాను. ఎండిన బోరు దగ్గర, మాడిన చెనిక్కాయ చేను దగ్గర, బెంగళూరు వలసబస్సు దగ్గర ఆ కరువు కళ్ళకి కడుతుంది. పొయ్యి దగ్గర మాత్రం, నేను చదివినంతలో, అంతగా కనబడదు. రెండు బిందెల నీళ్ళతో ముందు బియ్యం కడిగి, ఆ కడుగు కుడితిలో పోసి, గిన్నెలు తొలిచిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి వంచే ఆ పని కూడా కరువు పనే. రైతు అప్పుకి లెక్క ఉంది, పంటనష్టానికి అరకొరగానైనా పరిహారం ఉంది. ఆ రెండు బిందెల లెక్క ఎక్కడా లేదు.

అమ్మ పుట్టిల్లు ధర్మవరం. మగ్గం ఉన్న ఇల్లు. ఏడో తరగతి అయ్యాక బడి మాన్పించి రాట్నం ముందు కూర్చోబెట్టారు, కండెలు చుట్టడానికి. పట్టుచీరకి కూలి చీర లెక్కన వస్తుంది. నేసినాయన చేతికి వస్తుంది. కండెలు చుట్టిన పిల్లకి విడిగా ఏమీ రాదు, అది ఇంటి పని కిందికి వస్తుంది. బయటి మనిషిని పెట్టుకుంటే కూలివ్వాలి కాబట్టి ఇంటిపిల్ల చుడితే మిగులు. అంటే అమ్మ పదమూడో ఏట నుంచీ ఒక ఇంటికి పొదుపు. పెళ్ళయ్యాక ఇంకో ఇంటికి.

మా రెండోవాడు పుట్టాక ఆమె బెంగళూరొచ్చి ఆరు నెలలుంది. హిందూపురం నుంచి రైల్లో రెండు గంటలు. అప్పుడే నాకు పర్యావరణ స్పృహ కలిగింది. వాడిపారేసే డైపర్లు వద్దు, గుడ్డలే వాడదాం అని ప్రకటించాను. అమ్మ పాత నూలుచీరలు రెండు చింపి గుడ్డలు చేసింది. ఉతికిందీ ఆమే.

తరవాత ఒకరోజు కూర్చుని ఎక్సెల్‌లో లెక్కేశాను. రోజుకి ఆరు డైపర్లు, ఒక్కోటి పన్నెండు రూపాయలు, మొత్తం 72. సబ్బు తీసేస్తే 65 మిగులు. గుడ్డలు జాడించడం, ఉతకడం, డాబా మీద ఆరెయ్యడం, మడతపెట్టడం, తడిసిన పక్కలు మార్చడం కలిపి గంటన్నర. గంటకి 43 రూపాయలు. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకి 300. ఎనిమిది గంటలకి భాగిస్తే గంటకి 37 రూపాయల యాభై పైసలు. అంటే భూగోళాన్ని కాపాడుతున్నానని నేను అనుకుంటున్నప్పుడు నిజంగా జరిగింది ఏమిటంటే, అరవై రెండేళ్ళ మనిషిని కరువు పని రేటుకి అయిదున్నర ఎక్కువిచ్చి పనిలో పెట్టుకోవడం. ఇచ్చి అన్నానా? ఇవ్వలేదు. ఉపాధి హామీలో కనీసం మస్టర్ ఉంటుంది, దాంట్లో పేరుంటుంది, పనికి వచ్చిన రోజులుంటాయి.

అమ్మ ఊరికెళ్ళాక గుడ్డలు ఉతికే వంతు నాకొచ్చింది. నాలుగు రోజులు ఉతికాను. అయిదో రోజు డైపర్ ప్యాకెట్ తెచ్చాను. నా భార్య ఒక్క మాటే అనింది: "అత్త ఉతికినన్నాళ్ళూ పర్యావరణం, నువ్వు ఉతకాల్సొచ్చేసరికి ప్యాకెట్టా?"

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉంటుంది. నవ్వలేనిది ఇంకొకటి ఉంది. ఆ ఆరు నెలల్లో ఒక మధ్యాహ్నం డాబా మీద గుడ్డలు ఆరేస్తూ అమ్మ కళ్ళు తిరిగి గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. బీపీ చూస్తే చాలా ఎక్కువుంది. మాత్రలు వేసుకుంటున్నావా అంటే వేసుకుంటున్నా అంది. సంచి తెరిచి చూస్తే, అయిపోయుండాల్సిన షీట్లలో సగం మాత్రలు అలాగే ఉన్నాయి. రోజు విడిచి రోజు వేసుకుంటోంది. "నెల మాత్తర్లు రెండు నెల్లొచ్చినాయి కదా, ఏం తక్కువైంది?" అని నా మీదే కోప్పడింది.

ఆ మాట విన్నప్పుడు నాకు భయం వేసిన కారణం వేరే. మూడేళ్ళ ముందు ఈ సంగతి తెలిసుంటే నా వ్యాసంలో చింతపండు పిప్పి పక్కన, పాతచీర పక్కన దీన్ని కూడా ఒక ముచ్చటగా చేర్చి ఉండేవాణ్ణి. అందరూ మురిసిపోయేవాళ్ళు. చింతపండు పిప్పీ ఈ మాత్రా ఒకే చెయ్యి నేర్చుకున్న ఒకే విద్య. పొదుపు చెయ్యమని ఒక మనిషికి జీవితమంతా నేర్పి, మెచ్చుకుని, కోసెయ్యడానికి ఇంట్లో ఇంకేమీ మిగలనప్పుడు ఆమె తన ఒంటి మీద కోత పెట్టుకుంటుంది. ఆఖరున తినడం, కళ్ళజోడు వాయిదా వెయ్యడం, మోకాలి నొప్పికి నూనె రాసుకుని సరిపెట్టుకోవడం అన్నీ ఆ పద్దు కిందివే.

"అయితే దుబారా చెయ్యమంటావా?" అని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. లేదు. ఇద్దరం సంపాదిస్తున్నా, ఇద్దరు చిన్నపిల్లలతో బెంగళూరు అద్దెల్లో నెలాఖరు మాకూ తెలుసు. అన్నం పారెయ్యడం నాకు ఇప్పటికీ చేతకాదు. పొదుపు తెలివైన పనే. ఆ తెలివిని పనిగా గుర్తించమంటున్నాను, అంతే.

"ఆమె ప్రేమతో చేసింది, ప్రేమకి లెక్కలేంటి?" అన్నది రెండో ప్రశ్న. ఇది నాక్కొంచెం కోపం తెప్పిస్తుంది. నాన్న కూడా మమ్మల్ని ప్రేమించే పనికెళ్ళాడు. ఆయన జీతం ఎంతో ఊళ్ళో అందరికీ తెలుసు. లెక్క తెలిసినంత మాత్రాన ఆయన ప్రేమ తరగలేదు.

లెక్క రాస్తే ఏమవుతుందో మన రాష్ట్రమే చూసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచాక, రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు వచ్చాయి. తరవాత డ్వాక్రా సంఘాలుగా ఊరూరా పాకాయి. ఆ ఆడవాళ్ళు అంతకుముందు దాచలేదా? పోపుల డబ్బాలో, బియ్యం డబ్బా అడుగున ఎప్పుడూ దాచారు. తేడా అల్లా పాస్‌బుక్. ఆ పుస్తకంలో పేరూ అంకే పడ్డాక అదే రూపాయి చూసి బ్యాంకు అప్పిచ్చింది. అప్పుల భారం కూడా వాళ్ళ నెత్తికే వచ్చిందన్నది నిజం. కానీ పోపుల డబ్బాని చూసి ఏ బ్యాంకూ కుర్చీ వెయ్యలేదు.

గంటలకి అలాంటి పుస్తకం ఇంకా లేదు. దేశం మొత్తం మీద 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. అంకె అయితే ఉంది, దాన్ని ఏ పద్దులోనూ కలపరు. 2021 జనవరిలో, ఢిల్లీ రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక జంట కేసులో సుప్రీంకోర్టు గృహిణి పనికి ఊహాదాయం లెక్కగట్టడం గురించి చెప్పింది. జస్టిస్ ఎన్.వి. రమణ దాని మీద విడిగా వివరంగా రాశారు. మంచి తీర్పు. కానీ ఆ లెక్క వేసింది ఆమె చనిపోయాక, నష్టపరిహారం కోసం. బతికున్నామె గంటకి ఎంతని ఎవరూ అడగరు.

కాబట్టి రాసేవాళ్ళకి నా మనవి. అమ్మ పొదుపు గురించి రాయండి, తప్పకుండా రాయండి. ఎన్నింటికి లేచిందో, ఎన్నింటికి పడుకుందో, ఏ చదువు మానేసిందో, ఏ మందు వేసుకోలేదో కూడా రాయండి. ఆమెని అడగండి. ఏ పాత పద్ధతినైనా మళ్ళీ తేవాలనిపిస్తే, ఒక నెల మీ చేత్తో చేసి అప్పుడు రాయండి. నెల గడిచాక వ్యాసం కొంచెం చిన్నదవుతుంది.

పోయిన సంక్రాంతికి అందరం లేపాక్షి గుడికి వెళ్ళాం. సగంలో ఆగిన కళ్యాణమండపం, పక్కన గోడ మీద ఎర్రటి మచ్చలు. విరూపణ్ణ కథ మా పాపకి చెప్పాను. అచ్యుతదేవరాయల కోశాధికారి, అనుమతి లేకుండా ఖజానా ఖర్చుపెట్టాడని నింద పడితే తన కళ్ళు తానే పీకి గోడకి కొట్టాడని ఊళ్ళో చెప్పుకుంటారు. ఖర్చు చేసిన మగవాడి కథని అయిదు వందల ఏళ్ళుగా చెప్పుకుంటున్నామని అప్పుడు తట్టింది.

అక్కడే రాతినేలలో చెక్కిన కంచాలున్నాయి, కూర గుంటలతో సహా. శిల్పులు వాటిల్లో అన్నం తిన్నారని గైడ్లు చెబుతారు, రంగులు కలుపుకున్నారని ఇంకొందరు. అమ్మ ఒక కంచం ముందు కూర్చుని వేలితో గుంట తడిమి చూసింది.

"మంచి కంచాలు. పగలవు, ఎవురూ ఎత్తుకపోరు. కడిగేదానికి మాత్రం నడుం ఇరుగుతాది" అనింది.

అప్పుడు అడిగాను, మూడేళ్ళు ఆలస్యంగా. అప్పట్లో ఎన్నింటికి లేచేదానివమ్మా అని.

"మూడున్నర. నీళ్ళొచ్చే రోజైతే మూడు."