బండిని నిలబెట్టే సాధనం: ఏది కొనవలెను?

నోయిడా నుంచి ఒక సోదరి మాకు లేఖ వ్రాశారు. వారి భర్త మన సంస్థలోనే, లోధీ రోడ్డు కార్యాలయంలో పనిచేస్తున్నారు. ఇంట్లో రెండు మోటారు సైకిళ్లు ఉన్నాయి. ఒకటి భర్తగారి స్ప్లెండర్, రెండవది వారి మరిదిగారు ముచ్చటపడి కొనుక్కున్న యమహా ఆర్15. ఆదివారం వచ్చిందంటే అన్నదమ్ములిద్దరూ భవనం కింది పార్కింగులో బండ్లతో కుస్తీ పడుతుంటారు. క్రిందటి నెలలో ఆర్15 వెనుక భాగాన్ని నాలుగు ఇటుకల మీదికి ఎత్తి, పదేళ్ల కుమారుణ్ణి హ్యాండిలు పట్టుకోమన్నారు. ఇటుక పగిలింది, బండి ఒరిగింది. బాలుని పాదానికి జానెడు దూరంలో పడింది. ఇప్పుడు భర్తగారు హైడ్రాలిక్ లిఫ్టు కొంటానంటున్నారనీ, అది అవసరమా, అనవసర ఖర్చా తెలుపవలసినదనీ ఆమె కోరారు.

ఈ నెల శీర్షికను ఆ లేఖకే కేటాయిస్తున్నాము. ఇటుకల ప్రయోగం చేయని ఇల్లు మన ఉద్యోగుల కాలనీలలో అరుదు. మేమూ అందుకు మినహాయింపు కాము. ఒక వానాకాలంలో మా బండి ఇటుకల మీదనుంచి జారి పొరుగువారి స్కూటరు మీద పడింది. స్కూటరు బాగుపడింది గాని, పొరుగువారితో మాటలు కలవడానికి దీపావళి దాకా పట్టింది.

ఇటుక గోడలో ఉన్నంతసేపు బలమైనది. అక్కడ బరువు దాని మొత్తం ఉపరితలం మీద సమానంగా పడుతుంది. బండి కింద పెట్టినప్పుడు ఇనుప గొట్టపు అంచో, బోల్టు తలో ఒకే బిందువు వద్ద నొక్కుతుంది. కాల్చిన మట్టి ఆ ఒత్తిడికి వంగదు, ముందుగా హెచ్చరించదు, ఒక్కసారిగా పగులుతుంది. కనుక ఏది కొన్నా కొనకపోయినా ఇటుకలను ఈ పనికి వాడరాదు. తాత్కాలికంగా ఆసరా కావలసివస్తే మందపాటి చెక్కదిమ్మ మేలు.

బండిని ఎత్తవలసిన అవసరమేమిటని కొందరు అడుగవచ్చు. ఢిల్లీలో మే, జూన్ నెలల ధూళి గాలులు, ఆ వెంటనే జూలై వానల బురద గొలుసుకు పరమ శత్రువులు. నూనెతో కలిసిన ఇసుక సానరాయిలా పనిచేసి గొలుసునూ, పళ్లచక్రాన్నీ అరగదీస్తుంది. సుమారు 500 కిలోమీటర్లకు ఒకసారి గొలుసు శుభ్రపరచి నూనె పెట్టడం సాధారణ నియమం. నోయిడా నుంచి లోధీ రోడ్డుకు రానుపోను రోజుకు 40 కిలోమీటర్లనుకుంటే, పన్నెండు పదమూడు పనిదినాలకే ఆ గడువు వస్తుంది. ప్రతిసారీ మెకానిక్కు వద్దకు పోవడం అయ్యే పని కాదు. వెనుక చక్రం నేలను తాకకుండా తిరిగితేనే గొలుసు పని సుళువు.

ఇక స్ప్లెండరు మాట. దానికి కంపెనీవారే సెంటర్ స్టాండు ఇచ్చారు. గొలుసు పనికి అంతకు మించిన సాధనం కొననక్కరలేదు. అయితే దానిని వాడే తీరు చాలామందికి తెలియదు. చేతులతో బండిని వెనక్కు లాగి నడుము పట్టేసుకొని, నేరం స్టాండు మీదికి నెడతారు. బండికి ఎడమ పక్కన నిలబడి, ఎడమ చేత్తో హ్యాండిలును తిన్నగా పట్టుకొని, కుడి చేతిని వెనుక పట్టీ మీద ఉంచి, కుడి పాదంతో స్టాండు రెండు కాళ్లూ నేలను తాకే దాకా నొక్కవలెను. తరువాత శరీరపు బరువంతా ఆ పాదం మీదికి మోపితే బండి తానే ఎక్కుతుంది. చేయి దారి చూపడానికే, ఎత్తడానికి కాదు. సుమారు 195 కిలోల క్లాసిక్ 350 బుల్లెట్టును కూడా సన్నని మనిషి ఈ పద్ధతిలో నిలబెట్టగలడు.

చిక్కంతా ఆర్15, కేటీఎం డ్యూక్ వంటి సెంటర్ స్టాండు లేని బండ్లతోనే. వీటికి తగినది ప్యాడాక్ స్టాండు. ఇనుప గొట్టాలతో చేసిన, చిన్న చక్రాలుగల మీటవంటి పరికరమిది. బండి బరువులో వెనుక చక్రం మీద పడేది సుమారు సగమే. స్టాండు చక్రాలకు పది సెంటీమీటర్ల దూరంలో బండి ఆనుతూ, అరవై సెంటీమీటర్ల దూరంలో మన చేయి ఉందనుకుంటే, వంద కిలోల బరువుకు పదిహేడు కిలోల ఒత్తిడి చాలు. పిల్లలు బడిలో చదివే మీట సూత్రమే ఇది.

దీనిలో రెండు రకాలున్నాయి. ఒక రకానికి రబ్బరు తొడుగుగల ఎల్ ఆకారపు చేతులు వెనుక ఫోర్కు కిందికి ఆనుతాయి. రెండవ రకానికి వి ఆకారపు కొక్కేలుంటాయి. వెనుక ఫోర్కుకు ఇరువైపులా స్పూలు అనే చిన్న గుండ్రని బొబ్బిన్లు బిగిస్తే, కొక్కేలు వాటిని పట్టుకుంటాయి. జారే భయం చాలా తక్కువ కనుక మేము రెండవదానికే ఓటు వేస్తాము. అయితే అందుకు ఫోర్కులో మరల రంధ్రాలు ఉండవలెను. స్పూళ్లు 6, 8, 10 మిల్లీమీటర్ల కొలతలలో వస్తాయి. సరిపోని దానిని బలవంతంగా బిగిస్తే ఫోర్కు మర చెడుతుంది. కొలత తెలుసుకున్న తరువాతనే దుకాణానికి వెళ్లవలెను.

దుకాణమంటే ఢిల్లీవారికి కరోల్ బాగ్ నాయివాలా వీధి గుర్తుకు రావడం సహజం. సోమవారం ఆ బజారుకు సెలవు, ఆదివారం ఇసుక వేస్తే రాలని జనం, కనుక శనివారం ఉదయం వెళ్లడం మంచిది. అక్కడ మెరిసే రంగుకు మోసపోరాదు. అతుకులు చూడండి. వెల్డింగు గీత గొట్టం చుట్టూ తెగకుండా సాగవలెను, చుక్కలు చుక్కలుగా ఉంటే వదిలివేయండి. స్టాండును చదునైన నేలమీద పెట్టి ఊపితే రెండు చక్రాలూ సమంగా ఆనవలెను. వెడల్పు సరిచేసే మరలు బిగించిన తరువాత కదలరాదు. దుకాణదారు అభ్యంతరం చెప్పకపోతే మీ బండినే దానిమీద ఎత్తించి చూడండి. అభ్యంతరం చెబితే పక్క దుకాణం ఉండనే ఉంది.

వాడేటప్పుడు మొదటి కొన్నిసార్లు ఇద్దరు పెద్దలు ఉండవలెను. ఒకరు హ్యాండిలు పట్టుకొని బండిని నిటారుగా ఉంచితే, రెండవవారు కొక్కేలు రెండూ సరిగా కూర్చున్నాయో లేదో చూసి మీటను నొక్కుతారు. ఎత్తిన పిమ్మట పాత సైకిలు ట్యూబు ముక్కతో ముందు బ్రేకును కట్టివేస్తే బండి ముందుకు పోదు. దించేముందు ఆ కట్టు విప్పి, సైడ్ స్టాండు తెరిచి ఉన్నదో లేదో తప్పక చూసుకోవలెను. బండ్లు పడేది ఎక్కువగా ఎత్తేటప్పుడు కాదు, పని పూర్తయిందన్న నిశ్చింతతో దించేటప్పుడే. ముందు చక్రం ఎత్తే స్టాండు వేరే ఉంది గాని, వెనుక స్టాండు వేయకుండా దానిని ముట్టుకోరాదు. ఇంట్లో ముందు చక్రం విప్పే అవసరం ఏటికోసారి కూడా రాదు, దానికై డబ్బు పెట్టనక్కరలేదు.

ఇంజను కిందనుంచి ఎత్తే కత్తెర జాక్ చూడముచ్చటగానే ఉంటుంది. కాని అది ఆనవలసినది దృఢమైన చట్రానికి. చాలా బండ్లలో అక్కడ సైలెన్సరు గొట్టమో, నూనె తీసే బోల్టో ఉంటుంది. అల్యూమినియం ఇంజను అడుగు పగిలిందంటే పొదుపు మాట దేవుడెరుగు.

భర్తగారు కోరుకున్న హైడ్రాలిక్ బల్ల లిఫ్టు మెకానిక్కుకు వరమే, సందేహం లేదు. రోజుకు పది బండ్లు చూసేవాడు వంగకుండా నిలబడి పనిచేస్తాడు. ఆ బల్ల ఆరడుగులకు పైగా పొడవు, తానే మనిషిని మించిన బరువు. పదిమంది తిరిగే ఉమ్మడి పార్కింగులో దానిని ఎక్కడ ఉంచుతారు? తాళం వేసినా పిల్లలు ఎక్కి ఆడుకుంటారు. పైగా నూనె ఒత్తిడిని మాత్రమే నమ్మి బండిని పైన నిలపరాదు, ఇనుప అడ్డుకడ్డీ వేయవలెను. ఆ సోదరి ఇంటికి అది వద్దనే మా అభిప్రాయం. ఆర్15కు ఒక మంచి వెనుక స్టాండు, స్ప్లెండరుకు ఉన్న స్టాండు, అంతే.

ఏ స్టాండు కొన్నా ఒక పని మాత్రం ఎవరూ చేయరాదు. ఇంజను నడిపించి, గేరు వేసి, తిరిగే గొలుసుకు గుడ్డ అడ్డుపెట్టి తుడిచేవారిని మేము కళ్లారా చూశాము. గుడ్డ గొలుసులో చిక్కుకొని వేలిని పళ్లచక్రంలోకి లాగడానికి రెప్పపాటు కాలం చాలు. తాళంచెవి తీసి జేబులో వేసుకొని, న్యూట్రలులో ఉంచి, చక్రాన్ని చేత్తోనే తిప్పవలెను.

ఇకమీదట హ్యాండిలు పట్టుకొనే పని తప్పిస్తే కుమారుడు అలుగుతాడని ఆమె లేఖ చివర వ్రాశారు. వానికి ఒక టైరు గాలి కొలిచే గేజి కొనిపెట్టండి. ఆదివారం ఉదయం, బండ్లు ఎక్కడికీ తిరగకముందే, రెండింటి నాలుగు చక్రాలూ కొలిచి తేదీతో సహా నోటు పుస్తకంలో వ్రాసిపెట్టమనండి. ఏ టైరులో గాలి మెల్లమెల్లగా తగ్గిపోతున్నదో తండ్రికంటె ముందు వాడే కనిపెడతాడు.