పెరటి వింతలు: తేనెపిట్టకు ఏ పువ్వు?

ప్రపంచంలోకెల్లా చిన్న పక్షి ఎక్కడ ఉన్నదో తెలుసునా? క్యూబా దీవిలో ఉన్నది. అది హమ్మింగ్ బర్డ్ జాతిలోది. ముక్కు కొన నుంచి తోక కొన దాకా కొలిస్తే రెండంగుళాల పైచిలుకు, తూస్తే సుమారు 2 గ్రాములు! ఈ జాతిలోని చిన్న పక్షులు సెకనుకు 50 సార్లకు పైగా రెక్కలాడిస్తూ, గాలిలోనే కదలకుండా నిలిచి పువ్వులోని తేనె తాగుతవి. వెనక్కు కూడా ఎగరగలవు. రెక్కల చప్పుడు తుమ్మెద ఝుంకారంలా వినిపిస్తుంది గనుక వాటికా పేరు వచ్చింది. అమెరికా ఖండాలలో తప్ప ఇవి మరెక్కడా లేవు. అక్కడివాళ్ళు ఎర్రని గొట్టాల వంటి పూలు పూసే మొక్కలను వీటి కోసమే ఏరి తోటలో వేస్తారు.

మనకా భాగ్యం లేదే అని విచారించకండి. ఆ పని చేసే పిట్ట మన పెరట్లోనూ ఉన్నది. అదే తేనెపిట్ట. పది గ్రాములు కూడా తూగదు. మగపిట్ట దూరానికి నల్లగా కనిపిస్తుంది గాని, ఎండ తగిలిందంటే నెమలికంఠంలా నీలంగా, ఊదాగా మెరిసిపోతుంది. ఆడది పైన మట్టిరంగు, కింద లేత పసుపు. ముక్కు సన్నగా కొడవలిలా వంగి ఉంటుంది. నాలుక గొట్టం వంటిది. హమ్మింగ్ బర్డూ ఇదీ చుట్టాలు కావు. ఏ ఊరి కమ్మరి అయినా చేతిలో సుత్తే ఉంటుంది గదా! ఇదీ అంతే.

ఒక తేడా మాత్రం ఉన్నది. తేనెపిట్ట గాలిలో ఒక్క క్షణం నిలవగలదు గాని, దానికి కూర్చుని తాగటమే ఇష్టం. అందుచేత పువ్వు పక్కన గట్టి కొమ్మ ఉండాలి. అతిథికి పీట వేయాలన్నమాట.

ఇక ఏ పువ్వు? మల్లె సాయంకాలం తెల్లగా విచ్చుకుని ఘుమఘుమలాడుతుంది. రాత్రివేళ తిరిగే రెక్కల పురుగులకు అది పిలుపు. పక్షులు పువ్వును వెతికేది వాసనతో కాదు, కంటితో. ఎరుపు వాటికి బాగా కనిపిస్తుంది. తేనెటీగలకు అంత బాగా కనిపించదు. ఒక మందారం కోసి వాసన చూడండి. ఏమైనా ఉన్నదా? మోదుగ పువ్వూ అంతే. రంగు ఉన్నది, తేనె ఉన్నది, వాసన లేదు.

మందారమే వేయదలిస్తే ఒంటిరేక మందారం వేయండి. ముద్ద మందారం చూడటానికి నిండుగా ఉంటుంది గాని, పుప్పొడి నిచ్చే కేసరాలే చాలావరకు అందులో రేకులుగా మారిపోతవి. అడుగున ఉన్న తేనె దగ్గరకు పోవాలంటే పిట్ట ఆ రేకుల గుంపులో దారి వెతుక్కోవాలి. తొలకరిలో పెన్సిలంత లావు కొమ్మ నాటితే మందారం బతుకుతుంది. దానిమ్మ, మెట్టతామర, అరటి, మునగ కూడా తేనెపిట్టను పిలిచేవే. మామిడి కొమ్మల మీద పెరిగే బదనికను రైతు తిట్టుకుంటాడు. తేనెపిట్ట మాత్రం దాని పూల కోసం పరుగెత్తి వస్తుంది!

రేకులు విచ్చుకోకుండా ఎర్రమిరపకాయలా వేలాడే మందారం ఒకటి మీరు చూసే ఉంటారు. అది అమెరికా మొక్క. పుట్టింట దాని అతిథి హమ్మింగ్ బర్డ్. ఇక్కడ తేనెపిట్ట వచ్చి పక్క కొమ్మ మీద వాలి తాగిపోతుంది. పొడుగుపాటి పూలలో ముక్కు అందకపోతే ఒక్కొక్కప్పుడు అడుగున బెజ్జం పొడిచి తాగుతుంది. ఇది దొంగతనమే. తలకు పుప్పొడి అంటదు, పువ్వుకు దక్కేది ఏమీ లేదు.

పెద్దలకు ఒక మాట. మందారం పొద్దున విచ్చి సాయంత్రానికి వాడిపోతుంది. తెల్లవారేసరికి పువ్వులన్నీ పూజకు కోసేస్తే పిట్టకు ఆనాటికి ఏమి మిగులుతుంది? కొమ్మకు రెండు పూలైనా వదలండి. పురుగుల మందు కూడా చల్లవద్దు. తేనెపిట్ట తన పిల్లలకు పెట్టేది ముఖ్యంగా చిన్న చిన్న పురుగులనూ, సాలీళ్ళనూ.

వేసవిలో దండెం తీగకో, వసారా దూలానికో, కిటికీ పక్క కొమ్మకో ఎండుటాకులు, బెరడు ముక్కలు, బూజు కలిసిన చెత్తముద్ద వేలాడుతుంటే, చీపురు ఎత్తేముందు దూరం నుంచి చూడండి. పక్కన చిన్న గుమ్మమూ, దానిపైన చూరూ కనిపిస్తే అది తేనెపిట్ట గూడు. సాలెగూటి దారాలతో అల్లింది ఆడపిట్ట. లోపల సాధారణంగా రెండు గుడ్లుంటవి. రెండు వారాలు ఆడదే పొదుగుతుంది. పిల్లలు పుట్టాక మగదీ మేత తెస్తుంది. గూడును జరపవద్దు, తరచు తొంగిచూడవద్దు.

పిల్లలు ఎగిరిపోయిన తరువాత మగపిట్ట మెరుపు కూడా పోతుంది. అచ్చం ఆడపిట్టలా అయి, రొమ్ము మీద ఒక్క నల్లచార మాత్రం మిగులుతుంది. కొత్త పిట్ట వచ్చిందనుకునేరు! మీ మందారం మీద నిన్న కూర్చున్నది అదే కావచ్చు.