మన గాలానికి సీసం వద్దు

సంగారెడ్డి, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం దిక్కున ఆదివారం వచ్చిందంటే గాలం సంచి భుజాన వేసుకునే అన్నలారా, తమ్ముళ్లారా!

ఈ కరపత్రం రాస్తున్న నేను కూడా మీలో ఒకడినే. లేతు మిషను మీద పని. ఆరు రోజులు ఇనుము చెక్కి, ఏడో రోజు చెరువు కట్ట మీద కూర్చుంటే గాని నాకు వారం గడిచినట్టుండదు. కొర్రమట్ట వెంట తిరగబట్టి ఇరవై ఏళ్లు దాటింది. మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. గాలానికి కట్టే సీసపు గుండ్లు, సీసపు తల ఉన్న గాలాలు (జిగ్‌లు) మానేద్దాం. ఇంట్లో సీసం కరిగించడం ఇవాళే ఆపేద్దాం. మన జిగ్ మనమే, నట్టుతోనో ఇత్తడితోనో చేసుకుందాం. ఎందుకో చెప్తాను, ఎట్లా చేయాలో కూడా చెప్తాను.

సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. కట్టెల పొయ్యి చాలు, ఇనుప గరిటె చాలు. అందుకే అది ఎవరికైనా అలవాటవుతుంది. నేనూ పాత బ్యాటరీ పలకలు పగలగొట్టి, మా ఇంటి వెనుక మూడు రాళ్ల పొయ్యి మీద కరిగించి, అచ్చుల్లో పోసుకునేవాడిని. ఒకసారి అచ్చులో తడి ఉన్న సంగతి చూసుకోలేదు. పోయగానే నీళ్లు ఆవిరై ఎగదన్నాయి, కరిగిన సీసం ముంజేతి మీద పడింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అయినా మానలేదు. కాలిన గాయం మానిపోతుంది కదా అనుకున్నాను.

నాతో మాన్పించింది వేరే సంగతి. కరిగిన సీసం మీద బూడిద రంగు తెట్టు తేలుతుంది. దాన్ని చెంచాతో తీసి గోడ పక్కన విదిలించేవాడిని. మా చిన్నది అక్కడే బొమ్మలాట ఆడుకునేది. ఒక సాయంత్రం వెళ్లి చూస్తే, ఆ బూడిదను కొబ్బరిచిప్పలోకి ఎత్తి, బొమ్మ నుదుటికి విభూతి పెట్టి, తన నుదుటికి కూడా పెట్టుకుని, మిగిలింది నాకు ప్రసాదమని చెయ్యి చాపింది. దాని అరచేయి గీతల్లో ఆ బూడిద మెరుస్తున్నది. ఎత్తుకుపోయి పంపు కింద కూర్చోబెట్టి తల నుంచి కాళ్ల దాకా కడిగాను. పొయ్యి రాళ్లు ఆ రాత్రే పీకేశాను.

ఆ తెట్టు సీసపు ఆక్సైడు. పొడి కాబట్టి గాలికి లేస్తుంది, చేతికి అంటుతుంది, చేతి నుంచి అన్నంలోకి పోతుంది. ఒంట్లోకి చేరిన సీసాన్ని మన శరీరం కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది, ఏళ్లకేళ్లు అక్కడే ఉంటుంది. పెద్దల్లో రక్తపోటు పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. పిల్లల్లో ఎదిగే మెదడే దెబ్బతింటుంది, ఆ నష్టం మళ్లీ పూడదు. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉంటే ఫర్వాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇళ్లకు వేసే రంగుల్లోనే పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసం ఉండకూడదని 2017 నుంచి మన దేశంలో నిబంధన అమల్లో ఉంది. మనమేమో అచ్చమైన సీసాన్ని పెరట్లో కరిగిస్తున్నాం.

చీలిక గుండును దారానికి పళ్లతో నొక్కడం మరో అలవాటు. మీ డబ్బాలో ఒక గుండు తీసి వెలుగులో పెట్టి చూడండి, పంటి గాట్లు కనిపిస్తాయి. పంటి కింద అంత మెత్తగా నలిగేది నాలుక మీద ఏమీ వదలకుండా ఉంటుందా?

ఇక నీటి సంగతి. ఒక్క గుండు పడితే చెరువు విషమైపోతుందని నేను అబద్ధం చెప్పను. సీసం నీళ్లలో చాలా మెల్లగా కరుగుతుంది. అసలు ప్రమాదం పక్షులకు. కోడిని కోసినప్పుడు కందనకాయ చీల్చి చూసినవాళ్లకు తెలుసు, లోపల చిన్న చిన్న రాళ్లుంటాయి. పళ్లు లేని పక్షి గింజను ఆ రాళ్లతోనే నూరుకుంటుంది. బాతులు, నీటికోళ్లు ఆ రాళ్ల కోసం ఒడ్డు బురదలో వెతుకుతాయి. అక్కడ మన గుండు దొరికితే రాయి అనుకుని మింగుతాయి. కందనకాయలో అది అరిగి అరిగి రక్తంలో కలుస్తుంది. పక్షి మెడ వాలిపోతుంది, రెక్క లేవదు, తిండి దిగదు, ఎండిపోయి చస్తుంది. ఇంగ్లండులో హంసలు ఇట్లాగే గుంపులుగా చనిపోతుంటే, 1987లో గాలానికి కట్టే సీసపు గుండ్ల అమ్మకాన్ని అక్కడ నిషేధించారు. ఆ తర్వాత హంసలు మళ్లీ పెరిగాయి. డెన్మార్క్ కూడా మాన్పించింది. ఆ దేశాల్లో గాలం వేసేవాళ్లు గాలం మానలేదు, సీసం మానారు.

మన దగ్గర ఆ పక్షులు లేవా? అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. మంజీరా అభయారణ్యం 1978 నుంచి ఉంది. చలికాలంలో హిమాలయాలు దాటి వచ్చే బాతులు అక్కడ దిగుతాయి. ఆ మంజీరా నీళ్లే సంగారెడ్డి తాగుతుంది, హైదరాబాద్ తాగుతుంది. అభయారణ్యంలో గాలం వేయడమే నేరం, అక్కడికి ఎవరూ పోవద్దు. కానీ పక్షికి హద్దురాళ్లు తెలియవు. పొద్దున మంజీరాలో ఉన్నది సాయంత్రం మన ఊరి చెరువులో దిగుతుంది.

లెక్క కట్టండి. ఒక ఆదివారం ఒక్కొక్కరికి తుంగలోనో, తామర తీగలోనో, రాళ్ల సందులోనో నాలుగు గుండ్లు తెగిపోతాయి అనుకుందాం. గుండు పది గ్రాములైతే నలభై గ్రాములు. ఒకే చెరువు మీద పది మంది, ఏడాదికి యాభై ఆదివారాలు. ఇరవై కిలోల సీసం! పూడిక తీస్తే తప్ప అది బయటికి రాదు.

ఈ నేల విషం అంటే ఏమిటో తెలియని నేల కాదు. ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగు రంగు మారడం మన తాతలు చూశారు. ఆ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టు దాకా పోయారు. డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు పటాన్‌చెరులో రోగులను చూస్తూనే ఆ పోరాటం చేశారు. ఇక్కడి ఫ్యాక్టరీల వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు. గండిగూడెం చెరువులో చేపలు చచ్చి తేలినప్పుడు కట్ట మీద నిలబడి తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ కోపం న్యాయమైనదే, ఇప్పటికీ ఉంది. ఫ్యాక్టరీని అడగడానికి నిలబడినప్పుడు మన సంచిలో సీసం ఉండకూడదని నా కోరిక.

ఇప్పుడు పని సంగతి. మన ప్రాంతంలో ప్రతి సందుకూ ఒక వర్క్‌షాపు, ప్రతి రోడ్డుకూ ఒక హార్డ్‌వేర్ దుకాణం. జిగ్ చేసుకోవడానికి ఇంతకన్నా అనువైన చోటు ఇంకెక్కడుంటుంది?

పదమూడు నంబరు పానా పట్టే నట్టు, అంటే ఎం8, సుమారు ఐదు గ్రాములు తూగుతుంది. పది నంబరుది రెండున్నర గ్రాములు, పదిహేడు నంబరుది పదకొండు గ్రాముల పైన. కొర్రమట్టకు ఐదు గ్రాములది బాగా పనిచేస్తుంది. సింగూరు జలాశయం లోతు నీళ్లలో వాలుగ కోసమైతే పదకొండుది. కాడ పొడవున్న గాలం తీసుకోండి, రెండు సున్నా లేదా మూడు సున్నా సైజుది. గాలం కన్ను ఎం8 నట్టు రంధ్రంలోంచి దూరుతుంది. నట్టును కన్ను దగ్గరకు జరపండి. ఇక్కడే కిటుకు ఉంది. నట్టు బరువంతా కాడకు ఒకవైపు, మొనకు ఎదురువైపు ఉండాలి. అట్లా ఒకవైపుకు లాగి పట్టుకుని, రంధ్రంలో మిగిలిన సందును ఎం-సీల్‌తో నింపండి. అది మెత్తగా ఉన్నప్పుడే లావు నైలాన్ దారం ముక్కలు రెండు గుచ్చి, గాలం మొన వైపు ఏటవాలుగా వంచి పెట్టండి. గడ్డి తగిలితే ఆ ముక్కలు మొనను కాపాడతాయి, చేప నోరు మూస్తే అవి వంగి మొన బయటపడుతుంది. ఒక రోజంతా ఆరనివ్వండి.

ఆరాక బకెట్ నీళ్లలో దారానికి కట్టి వదలండి. మొన పైకి, నట్టు కిందికి ఉంటే జిగ్ కుదిరినట్టు. పక్కకు ఒరిగినా, మొన కిందికి తిరిగినా నట్టు కింద ఇంకో చిటికెడు ఎం-సీల్ పెట్టి మళ్లీ చూడండి. నా మొదటి జిగ్‌ను మూడుసార్లు సరిచేయాల్సి వచ్చింది. నాలుగోసారి అది బకెట్ అడుగున మొన పైకెత్తి నిలబడితే, లేతు మీద మొదటి జాబ్ సైజుకు వచ్చినప్పటంత సంతోషమైంది.

కుచ్చు కోసం కొత్త రబ్బరు గ్లవ్స్‌ను సన్నగా కత్తిరించి దారంతో బిగించి కట్టండి, కోడి ఈకలైనా బాగుంటాయి. మందుల ఫ్యాక్టరీలో వాడి పారేసిన గ్లవ్స్ మాత్రం ముట్టవద్దు. కెమికల్ డ్రమ్ముల దగ్గర పడి ఉన్న నట్లూ వద్దు. కంపెనీ స్క్రాపు కంపెనీది, అడగకుండా జేబులో వేసుకోకండి. హార్డ్‌వేర్ దుకాణంలో నట్లు తూకానికే ఇస్తారు. ఎర్రలు గుచ్చే మామూలు గాలానికైతే జిగ్ కూడా అక్కర్లేదు, దారానికి ఒక నట్టు కడితే చాలు. తామరాకుల మీద కప్పలా ఆడించాలంటే పాత హవాయి చెప్పు అడుగును కోసి కప్ప చేసుకోండి. అది తేలుతుంది, బరువుతో పనే లేదు.

సీసమంత బరువు ఇనుముకు రాదు కదా అంటారు. నిజమే. సీసం సాంద్రత 11.3, ఉక్కుది 7.8, ఇత్తడిది ఎనిమిదిన్నర. అదే బరువుకు తల కాస్త పెద్దదవుతుంది, గాలిలో రెండు గజాలు తక్కువ పోతుంది. కానీ నీళ్లలో మెల్లగా దిగుతుంది, కొర్రమట్టకు కావలసింది అదే. నేను చూసినంతలో కొర్రమట్ట పట్టేది జిగ్ దిగుతున్నప్పుడే, అడుగుకు తగిలాక కాదు. మరీ చిన్న తల కావాలంటే టంగ్‌స్టన్ ఉంది, సీసం కన్నా బరువు, కానీ ఖరీదెక్కువ. తుప్పు పడుతుందంటే గోళ్ల రంగు ఒక పూత వేయండి. తెగి అడుగున పడ్డ ఇనుము తుప్పై మట్టిలో కలుస్తుంది, పోనివ్వండి.

కొర్రమట్ట మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. 2016 నుంచి అది మన రాష్ట్ర చేప. వానాకాలంలో ఎర్రని పిల్లల గుంపు నీటి మీద బంతిలా తిరుగుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీదికి జిగ్ విసరకండి. ఆ రెండూ పోతే పిల్లలన్నీ ఒక్క పూటలో పోతాయి.

గాలం సామాను అమ్మే దుకాణదారు అన్నలకు మనవి: సీసపు గుండ్ల డబ్బా పక్కన ఇనుప, ఇత్తడి గుండ్ల డబ్బా కూడా పెట్టండి. అడిగేవాళ్లను మేం తెస్తాం. మత్స్య సహకార సంఘాల పెద్దలకు మనవి: చెరువు మీది, చేప మీది. వేట మీ బతుకుదెరువు, మీ వలల గురించి చెప్పేంతవాళ్లం కాము. కానీ ఆదివారం మేం గాలం వేయడానికి అనుమతి అడిగినప్పుడు, సీసం తేవద్దని షరతు పెట్టండి, మేం పాటిస్తాం. మత్స్యశాఖ వారికి మనవి: ఈ షరతును జిల్లా అంతటా రాతపూర్వకంగా తెండి. వర్క్‌షాపు యజమానులకు మనవి: మరలు అరిగి పక్కన పడేసిన శుభ్రమైన నట్లను ఒక డబ్బాలో వేసి ఉంచండి, మేం వచ్చి తీసుకుంటాం.

మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న సీసం చెత్తబండిలో వేయకండి, మళ్లీ కరిగించకండి, చెరువులో పారేయకండి. మూత ఉన్న డబ్బాలో వేసి పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. పాత బ్యాటరీలు తీసుకునే అనుమతి ఉన్న డీలరుకు ఇవ్వండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగండి.

ఈ ఆదివారం వచ్చేటప్పుడు నాలుగు పదమూడు నంబరు నట్లు, కాడ పొడవున్న గాలాలు, ఒక ఎం-సీల్ ప్యాకెట్టు తెచ్చుకోండి. కట్ట మీద చింతచెట్టు నీడన కూర్చుని చేద్దాం, పై ఆదివారానికి గట్టిపడి ఉంటాయి. బకెట్ నేను తెస్తాను.

మీ తోటి గాలపువాడు,
పటాన్‌చెరు