గది వంటకూ ఒక పాఠం కావాలి: తెలంగాణ ఉన్నత విద్యామండలికి బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో విద్యానగర్, అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ అద్దె గదుల్లో ఉండి చదువుకునే పిల్లల్లో చాలామంది తిండి ఒకే తీరుగా ఉంటుంది. కరెంటు కుక్కర్లో అన్నం వండుకుంటారు, కూర కర్రీ పాయింట్ నుంచి ప్యాకెట్‌లో వస్తుంది. చేతిలో డబ్బు లేని రోజు పచ్చడితో సరి. కడుపు నిండుతుంది గానీ కంచంలో అన్నమే ఎక్కువ. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం 2,000 కేలరీల ఆహారంలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పుదినుసులు ఉండాలి. ఇద్దరు పంచుకునే ఒక్క ప్యాకెట్‌తో అది కుదిరే పని కాదు.

వీళ్లు కూర వండుకోకపోవడానికి కారణం బద్ధకం అనుకోవడం అన్యాయం. ప్రెషర్ కుక్కర్ అంటే భయం, మాడిపోతుందేమోనని బెరుకు. వంటల పుస్తకాలు రాసే ‘తగినంత ఉప్పు’ కొత్తవాళ్లకు ఏ దారీ చూపదు. అందుకే మొదటి పాఠం గ్లాసు కొలతతో మొదలవ్వాలి. గ్లాసు కందిపప్పు అరగంట నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్లతో కుక్కర్లో మెత్తగా ఉడికించాలి. చింతపండు పులుసు ఆ తర్వాతే పోయాలి. పులుపు ముందే పడితే పప్పు ఉడకదు. తాలింపులో నూనె కాగాక ఆవాలు, అవి చిటపటలాడాక జీలకర్ర, ఎండుమిర్చి, చివర కరివేపాకు. ఈ ఒక్కటి చేతికి పట్టుబడితే పాలకూర పప్పు, దోసకాయ పప్పు, మామిడికాయ పప్పు వాటంతటవే వస్తాయి. ధైర్యం అక్కడే పుడుతుంది.

నిల్వ సంగతీ చెప్పాలి. పొద్దున వండి బయట వదిలేసిన అన్నంలో కొన్ని సూక్ష్మజీవులు విషం పుట్టిస్తాయి. రాత్రి మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు.

పొయ్యికి పెద్ద ఇబ్బంది లేదు. అయిదు కిలోల చిన్న సిలిండర్ చిరునామా రుజువు లేకుండా, గుర్తింపు కార్డుతోనే దొరుకుతుంది. అయితే గదిలో గ్యాస్ పెట్టనివ్వని యజమానులున్నారు, హాస్టళ్లున్నాయి. అలాంటిచోట అంతస్తుకొక ఉమ్మడి వంటగది ఉంటే చాలు.

గృహవిజ్ఞానం ఇన్నాళ్లూ ఎక్కువగా ఆడపిల్లల చదువుగానే మిగిలింది. అబ్బాయిలకూ ఆకలి అంతే. ఉన్నత విద్యామండలి డిగ్రీ మొదటి సెమిస్టర్‌లోనే అందరికీ పది వంట తరగతులు పెట్టాలి. వాటికి క్రెడిట్లు ఇవ్వాలి. పాఠ్యప్రణాళికకు పోషకాహార సంస్థ సాయం అడగాలి. అది ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే ఉంది.